జెడ్ నంబరు బస్సు వెనక ఉన్న నిజాం

మా ఇల్లు టోలిచౌకిలో. కాలేజీ ఊరికి ఆ చివర. పోయిన సెమిస్టర్‌లో ఒక ఇంటర్నల్ ఎగ్జామ్‌కి నేను ఇరవై ఐదు నిమిషాలు లేటుగా వెళ్ళాను. లోపలికి రానిచ్చారు కానీ, ఆఖరి పది మార్కుల ప్రశ్న ముట్టుకోలేకపోయాను. తప్పు ఎవరిది అంటే ఏం చెప్పాలి? బస్సు టైముకే వచ్చింది. జీరో టికెట్ తీసుకున్నాను, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. నానల్ నగర్ దగ్గర ఆగింది. ఆగింది అంటే ఇక ఆగిందంతే.

చదవాల్సిన నోట్స్ చేతిలో ఉన్నా బుర్రకి ఎక్కక, కిటికీలోంచి చుట్టూ ఉన్న కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు కార్లు, వాటిలో పద్నాలుగు మంది. మా బస్సులో నిలబడ్డవాళ్ళతో కలిపి అరవై మందికి తక్కువ లేరు. మరి రోడ్డు మీద ఎక్కువ చోటు ఎవరిది? పద్నాలుగు మందిది. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో మెమరీని ఇలా పంచిపెడితే మా మేడమ్ సున్నా వేస్తారు.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెప్తే నాన్న సెకండ్ హ్యాండ్ కారు తీసుకుందాం అన్నాడు. ఆయన ఫిల్మ్ నగర్ వైపు సినిమా సెట్లకి చెక్కపని చేస్తాడు. తెల్లవారుజామున బైక్ మీద షేక్‌పేట మీదుగా వెళ్ళిపోతాడు కాబట్టి ట్రాఫిక్ ఆయన్ని పెద్దగా పట్టుకోదు. కారుంటే వానలో నన్ను దింపొచ్చు, అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళొచ్చు అని లెక్కలు వేశాడు. తాత మాత్రం ఒప్పుకోలేదు. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైర్ అయ్యాడు. కారు కొంటే నానల్ నగర్ దగ్గర ఆగే బండ్లలో ఇంకొకటి పెరుగుతుంది తప్ప నేను ముందు చేరను అన్నది ఆయన వాదన. వాదనలో వాదనగా, ఆర్టీసీ బస్సు నంబరు ప్లేటు మీద జెడ్ అక్షరం ఎందుకు ఉంటుందో నాకు తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. అది నిజాం వాళ్ళ అమ్మ పేరు అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఆ అక్షరం చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా ఎందుకు అనుకోలేదు. అలా మొదలై, రెండు నెలల్లో చదివిందీ చూసిందీ కలిపి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గురించి రాస్తున్నాను. ముందే ఒక మాట. ఇది ఆయన్ని మెచ్చుకుంటూ రాసింది కాదు. మెచ్చుకుంటే మా ఇంట్లోనే ఒప్పుకోరు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పురానీ హవేలీలో పుట్టాడు. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. పురానీ హవేలీలో ఇప్పుడు నిజాం మ్యూజియం ఉంది. చార్మినార్ చూసి వెనక్కి వచ్చేసేవాళ్ళు ఒకసారి అక్కడికీ వెళ్ళండి. మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మారా ఒకటి ఉంది, పొడవు 176 అడుగులు. మా క్లాసురూములు వరసగా నాలుగైదు పెట్టినా సరిపోదేమో. తండ్రి అలా బతికాడు. కొడుకేమో వేసుకున్న షేర్వానీనే మళ్ళీ మళ్ళీ వేసుకునేవాడని, టోపీ పాతబడినా మార్చేవాడు కాదని కథలు కథలుగా చెప్తారు. వాటిలో ఎన్ని నిజమో గానీ, తండ్రికీ కొడుక్కీ పోలిక లేదన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

ఆయనకి ఇరవై రెండేళ్ళప్పుడు మూసీ పొంగింది. 1908 సెప్టెంబర్ 28. అప్పటి హైదరాబాద్ నదికి ఆనుకుని, ఇల్లు మీద ఇల్లు పడినట్టు ఇరుకుగా ఉండేది. గల్లీలు సన్నం, ఇళ్ళు మట్టివి, నీళ్ళు పోయే దారి లేదు. ఒక్క రోజులో చనిపోయినవాళ్ళు పదిహేను వేల మంది దాకా అని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. చెట్టు ఇప్పటికీ ఉంది.

ఊరు ఇరుకుగా ఉంటే జనం చచ్చిపోతారు అన్న పాఠం ఆ రోజు అందరికీ అర్థమైంది. కానీ జనం దగ్గర దగ్గరగా బతకడం ఒకటి, ఇరుకున పడి బతకడం ఇంకొకటి. మా పారామౌంట్ కాలనీ వైపు సాయంత్రం వెళ్ళి చూడండి. అన్నీ అపార్ట్‌మెంట్లే. కింద షాపులు, పైన ఇళ్ళు, రోడ్డంతా జనం. పాలు, మందులు, టైలర్, టిఫిన్, అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో. ఇంత దగ్గరగా మనుషులున్న చోటే బస్సుకీ రైలుకీ గిట్టుబాటు అవుతుంది. అదే జూబ్లీ హిల్స్ లోపలి రోడ్లలో ఒక్కో ఇల్లు ఒక్కో ఎకరమంత అనిపిస్తుంది, గేటు నుంచి గేటుకి నడిస్తే ఒక మనిషి ఎదురుపడడు. అక్కడ బస్సు తిప్పితే డ్రైవరూ కండక్టరూ ఇద్దరే కబుర్లు చెప్పుకోవాలి. సమస్య జనం ఎక్కువ ఉండటం కాదు, వాళ్ళకి నీళ్ళూ గాలీ దారీ లేకపోవడం. 1908లో హైదరాబాద్‌కి లేనివి ఆ మూడే.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. మనం ఇంజనీర్స్ డే రోజు ఫొటోకి దండ వేసే ఆయనే. ఊరికి పైన నదిని ఆపేలా రెండు జలాశయాలు కట్టాలని, ఊళ్ళో డ్రైనేజీ వేయాలని ఆయన ప్రణాళిక ఇచ్చాడు. దాన్ని అమలు చేసే పని కొత్త రాజు మీద పడింది. ఎందుకంటే 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయి, ఇరవై ఐదేళ్ళ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెంటి పనిలోనూ, నిజాం సాగర్‌లోనూ ముఖ్యుడైన ఇంజనీర్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11న తెలంగాణ ఇంజనీర్స్ డే జరుపుకుంటాం. మన కాలేజీలో ఆ రోజు ఎంతమందికి గుర్తుంటుందో మీకే తెలుసు.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి వేరే చోట్ల చిన్న చిన్న ఇళ్ళు కట్టించడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. తర్వాతి కాలంలో నిజాం రెండో కొడుకు మొజ్జం జా దానికి పెద్ద అయ్యాడు. మొజ్జంజాహీ మార్కెట్ ఆయన పేరు మీదిదే. బోర్డు చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది పత్తర్‌గట్టీ. చార్మినార్ వెళ్ళే దారిలో రెండు వైపులా రాతి కమానులు ఉంటాయి చూడండి, అది. దారి వెడల్పు చేసినప్పుడు కట్టారు. కింద దుకాణం, పైన గదులు, కమానుల కింద ఎండా వానా తగలకుండా నడిచేవాళ్ళకి దారి. మనుషులు చాలామంది పట్టాలి, అయినా ఊపిరాడాలి అంటే ఎలా కట్టాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఇప్పుడు ఆ కమానుల కింద సగం చోటు సామాన్లతో నిండి ఉంటుంది, అది వేరే సంగతి.

అయితే బస్తీలు తీసేసినప్పుడు అక్కడున్న పేదవాళ్ళని ఎవరూ అడగలేదు. రాజ్యం అనుకుంది, చేసింది. ఇప్పుడైతే కోర్టుకి వెళ్ళేవాళ్ళు అనుకుంటాను.

ఇక రైలు సంగతి. ఇక్కడే నాకు అసలు ఆసక్తి మొదలైంది.

హైదరాబాద్‌కి రైలు తెచ్చింది ఉస్మాన్ అలీ ఖాన్ కాదు. వాడి నుంచి సికింద్రాబాద్‌కి లైను 1874లోనే మొదలైంది. అప్పుడు తండ్రి మహబూబ్ అలీ ఖాన్ ఎనిమిదేళ్ళ పిల్లవాడు, రాజ్యం నడిపింది దివాన్ సాలార్ జంగ్. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం ఉంది కాబట్టి లైను బ్రిటిష్ వాళ్ళకి కావాలి. డబ్బు మాత్రం నిజాం ఖజానాది. 1883లో ఒక ఇంగ్లీషు కంపెనీ చేతికి ఇచ్చారు. పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ఏంటంటే, రైలుకి లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకి వడ్డీ ఖజానా కట్టాలి. అంటే పన్ను కట్టే రైతు కట్టాలి. మన కాలేజీలో గ్రూప్ ప్రాజెక్టులు గుర్తొచ్చాయి: కోడ్ ఒకరిది, మార్కులు ఇంకొకరివి.

ఇంకో ముచ్చట. ఆ 1874 లైను ఎక్కడ నుంచి పోతుందో తెలుసా? లింగంపల్లి, ఇప్పటి హైటెక్ సిటీ, బోరబండ, బేగంపేట. ఎంఎంటీఎస్ ఎక్కి ఐటీ ఆఫీసుకి వెళ్ళే మన సీనియర్లు నూట యాభై ఏళ్ళ నాటి దారిలో వెళ్తున్నారన్నమాట. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది, కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. కాచిగూడది మాత్రం ఉస్మాన్ అలీ ఖాన్ కాలమే. వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గుమ్మటాలూ మినార్లూ పెట్టి గీశాడు. ఉస్మానియా ఆస్పత్రి, హైకోర్టు కూడా ఆయన గీసినవే.

1930 ఏప్రిల్‌లో ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆ కంపెనీ దగ్గర నుంచి రైల్వేని కొనేసింది. పేరులో గ్యారంటీ పోయి నిజామ్స్ స్టేట్ రైల్వే అయింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1932 జూన్‌లో, ఆ రైల్వేలోనే ఒక కొత్త విభాగం పెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రోడ్డు రవాణా విభాగం. ఒక ప్రభుత్వం తనే ప్రయాణికుల బస్సులు నడపడం దేశంలో అదే మొదలు అని చెప్తారు. ఇప్పటి రెండు ఆర్టీసీలకీ వేరు అదే.

ఈ ముక్క నేను రెండుసార్లు చదివాను. బస్సులు రైల్వేలో భాగం! రైలూ బస్సూ ఒకే ఇంటి పిల్లలు.

ఎందుకు అలా చేశారు అంటే ప్రేమతో ఏమీ కాదు. ఆ రోజుల్లో దేశమంతటా ప్రైవేటు మోటారు బస్సులు కొత్తగా వచ్చాయి. రైలు పట్టాల పక్కనే ఉన్న రోడ్డు మీద తిరుగుతూ, రైలు ఎక్కాల్సిన జనాన్ని లాగేసుకునేవి. లాభం వచ్చే రూట్లలో పది బస్సులు పోటీపడేవి, రాని ఊళ్ళకి ఒక్కటీ వెళ్ళేది కాదు. రైల్వేలకి నష్టం. ఏం చేయాలో తేల్చుకోడానికి బ్రిటిష్ ఇండియా 1933లో సిమ్లాలో రోడ్డు, రైలు సమావేశం పెట్టుకుంది. హైదరాబాద్ అప్పటికే ఏడాది ముందు తేల్చేసుకుంది. పోటీ ఎందుకు, బస్సు కూడా మనమే నడుపుదాం, రైలు వెళ్ళని చోటికి బస్సు వెళ్తుంది అని. రైల్వే కొత్తగా కొన్నది, దాని డబ్బు వృథా కాకూడదు. నిజాం పిసినారి అని లోకమంతా నవ్వింది కదా, ఆ పిసినారితనం ఇక్కడ మాత్రం పనికొచ్చిందేమో అని నాకు అనుమానం.

1945లో దక్కన్ ఎయిర్‌వేస్ కూడా వచ్చింది. హైదరాబాద్ రాజ్యం, టాటాలు కలిసి పెట్టిన విమాన సంస్థ. పట్టాలు, రోడ్డు, ఆకాశం మూడూ ఒక రాజ్యం కింద. ఇప్పుడు మన దగ్గర ఆర్టీసీ ఒకరిది, ఎంఎంటీఎస్ ఒకరిది, మెట్రో ఇంకొకరిది. ఎంఎంటీఎస్ 2003లో, మెట్రో 2017లో మొదలయ్యాయి. రాయదుర్గం మెట్రో స్టేషన్ 2019లో తెరిచారు, మా ఇంటికి అదే కాస్త దగ్గర. దగ్గర అంటే, అక్కడికి చేరడానికి మళ్ళీ అదే ట్రాఫిక్‌లో బస్సో ఆటోనో. బస్సు దిగేసరికి రైలు వెళ్ళిపోతుంది. రైలు దిగేసరికి బస్సు వెళ్ళిపోతుంది. ఒకదాని టైము ఇంకోదానికి తెలియదు. రెండు మంచి ప్రోగ్రాములు రాసి, వాటి మధ్య డేటా పంపే దారి రాయడం మర్చిపోయినట్టుంది.

ఇప్పుడు జెడ్ కథ. బస్సులకి నంబర్లు ఇచ్చేటప్పుడు తన తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరం పెట్టాలని నిజాం కోరాడని చెప్తారు. కాగితం మీద రుజువు నేను చూడలేదు, తాత మాటా, తాతకి డిపోలో చెప్పినవాళ్ళ మాటా. కానీ ఆర్టీసీ బస్సులకి జెడ్ సిరీస్ ఉండటం మీరు ఏ బస్టాప్‌లోనైనా చూడొచ్చు. తల్లి అంటే ఆయనకి ప్రాణం. ఆమె 1941లో చనిపోయింది. కింగ్ కోఠి ఎదురుగా జూదీ మసీదులో ఆమె సమాధి ఉంది.

ఇక కార్లు. 1937 ఫిబ్రవరిలో ఆయన పాలన రజతోత్సవం జరిగింది. అదే నెల టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడు అని అట్ట మీద ఆయన బొమ్మ వేసింది. అంత డబ్బున్నవాడికి కార్లకి కొదవ ఏముంది? చౌమొహల్లా ప్యాలెస్‌కి వెళ్తే పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటి కనిపిస్తుంది. లోపల వెనక సీటు సింహాసనం లాగా ఉంటుంది. తండ్రి ఆర్డర్ ఇచ్చాడు, కారు తయారయ్యేసరికి తండ్రి లేడు. కొడుకు దాన్ని ఉత్సవాలకి బయటికి తీశాడు. దశాబ్దాలు గడిచినా అది నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెప్తారు. మన నాన్నల బైకులు ఒక నెలలో అంతకన్నా ఎక్కువ తిరుగుతాయి. మిగతా కార్లు కింగ్ కోఠిలో పడి ఉండేవి. ఆయన రోజూ తిరగడానికి పాత బండి ఒకటి చాలు అనుకునేవాడట.

ఈ బొమ్మ చూసి నాకు మొదట ఎంత ముచ్చటేసిందంటే, కార్లు మూలన పెట్టి జనానికి బస్సులిచ్చిన రాజు అని హెడ్డింగ్ పెట్టేద్దాం అనుకున్నాను. తాత నవ్వాడు. అప్పట్లో కారు ఎవరికి ఉంది? నవాబులకి, పెద్ద ఆఫీసర్లకి, దొరలకి. 1931లో హైదరాబాద్ జనాభా ఐదు లక్షల లోపు. కార్లని తగ్గించాల్సిన అవసరమే ఆయనకి రాలేదు. ఆయన అడ్డుకున్నది ప్రైవేటు బస్సుని, కారుని కాదు. కార్లని అడ్డుకోవడం తర్వాతి వాళ్ళ పని. సింగపూర్ 1975లో ఊరి నడిబొడ్డుకి వచ్చే కారుకి డబ్బు కట్టమంది. లండన్ 2003లో, మన ఎంఎంటీఎస్ వచ్చిన ఏడాదే, అదే చేసింది. అక్కడ అలా చేయగలిగారంటే కారు దిగినవాడు ఎక్కడానికి రైలూ బస్సూ ముందే ఉన్నాయి కాబట్టి. మా టోలిచౌకిలో రేపు కారుకి ఫీజు పెడితే జనం ఏం ఎక్కుతారు? రైలు లేదు. నిజాం కాలంలోనూ లేదు, అప్పుడు గోల్కొండ దారిలో ఇదంతా ఊరి బయట.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తాత వాళ్ళ ఊరు సూర్యాపేట దగ్గర. మా ముత్తాతకి నిజాం పేరు ఎత్తితే పడేది కాదు. దొర గడీలో ఆయన, ఆయన తండ్రి వెట్టి చేశారు. కూలి లేదు, అడిగే హక్కు లేదు. పండిన గింజల్లో లెవీ కింద పోగా మిగిలింది అప్పు కింద పోయేది. పైనున్న రాజ్యం ఆ దొరలకి అండగా నిలిచింది. నిజాం సొంత ఆస్తిగా ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ భూములే రాజ్యంలో దాదాపు పదో వంతు. రోల్స్ రాయిస్‌కీ, రైల్వే కొనడానికీ, 27 బస్సులకీ డబ్బు ఎక్కడిది అంటే మా ముత్తాత లాంటివాళ్ళ చెమటలోంచి కూడా వచ్చింది. పత్తర్‌గట్టీ కమానుల కింద నిలబడి మురిసిపోయిన నాకు ఈ సంగతి తర్వాత గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

చదువు సంగతీ అంతే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టాడు. ఇంగ్లీషు కాకుండా దేశభాషలో పై చదువులు చెప్పడం గొప్ప ఆలోచన. కానీ ఆ భాష ఉర్దూ. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. తెలుగులో మాట్లాడితే సభల్లో ఎగతాళి చేసిన కాలం అది. ఆ కోపంలోంచే ఆంధ్ర జన సంఘం, తర్వాత ఆంధ్ర మహాసభ పుట్టాయి. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఈ వ్యాసం రాయడానికి ఒత్తులు సరిచూసుకుంటూ అమ్మ చేత తిట్లు తిన్నదాన్ని, ఇంతకన్నా ఎక్కువ మాట్లాడకూడదు.

1946 నుంచి తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఉస్మాన్ అలీ ఖాన్ కలవనన్నాడు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. ఆయన వాళ్ళని ఆపలేకపోయాడా, ఆపదల్చుకోలేదా అన్నది చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. మా ముత్తాతకి ఆ వాదన అక్కర్లేదు. రాజు రాజ్యంలో జరిగింది రాజుదే. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. పోలీస్ యాక్షన్ సమయంలో, తర్వాత చాలామంది మామూలు ముస్లింలు కూడా చంపబడ్డారు. మా టోలిచౌకిలో పక్కింటి వాళ్ళ ఇళ్ళలో ఆ జ్ఞాపకం వేరేగా ఉంటుంది. ఒకే మనిషి గురించి ఒకే గల్లీలో రెండు కథలు.

తర్వాత ఆయన జీవితం నిశ్శబ్దంగా సాగింది. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్. పదవి ఉంది, అధికారం లేదు. 1950లో రైల్వే కేంద్రం చేతికి వెళ్ళింది. 1951 నవంబర్‌లో బస్సులు రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1958 జనవరిలో ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ఒక ఇంట్లో పెరిగిన ఇద్దరూ అలా వేరు కాపురాలు పెట్టారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, రైలు కేంద్రానిది, బస్సు రాష్ట్రానిది, అంతే. కానీ నానల్ నగర్ దగ్గర నా పది మార్కులు పోయిన కథ ఎక్కడో అక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది.

ఆయన ముసలితనం గురించి వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంది, 1965లో దేశానికి ఐదు వేల కిలోల బంగారం దానం చేశాడని. నమ్మకండి. ఆయన చేసింది బంగారాన్ని ప్రభుత్వ గోల్డ్ బాండ్లలో పెట్టుబడి పెట్టడం. అది నాలుగు వందల కిలోల పైచిలుకు, వడ్డీ వచ్చేది. దానికీ మెచ్చుకోవచ్చు, కానీ దానం కాదు. వడ్డీ లెక్క చూసుకోవడమే ఆయన స్వభావానికి సరిపోతుంది కూడా.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠిలో చనిపోయాడు. వయసు ఎనభై. తల్లి పక్కనే, జూదీ మసీదులో సమాధి చేశారు. అంతిమయాత్రకి లక్షల్లో జనం వచ్చారు. అప్పుడు మా తాతకి పదిహేడేళ్ళు, మేనమామ దగ్గర ఉండి చదువుకోడానికి హైదరాబాద్ వచ్చి ఏడాది అయింది. చూద్దామని వెళ్ళాడు. దారి పొడుగునా మిద్దెల మీద, చెట్ల మీద జనం. ముసలి ఆడవాళ్ళు గాజులు పగలగొట్టుకుని ఏడవడం చూశాడట. బస్సులు ఆగిపోతే ఇంటికి నడిచి వచ్చాడు. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆ సంగతి గొప్పగా చెప్పాడు. ముత్తాత వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఏడేళ్ళ తర్వాత తాతకి ఆర్టీసీలో కండక్టర్ ఉద్యోగం వచ్చింది. ముత్తాత ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పుకున్నాడట. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కి కొడుకు డ్యూటీలో ఉన్న బస్సు చూసుకుని ఎక్కి, ముందు సీట్లో కూర్చుని, టికెట్‌కి డబ్బులు తీసి ఇచ్చాడు. తాత వద్దన్నా వినలేదు. జెడ్ సంగతి తాత ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.